పందికొక్కు : ఒక తెలుగు మాట దేశాటనము

మాటలకును మనుష్యులకును పెక్కు పోలికలు కలవు. మాటలును పుట్టును, పెరుగును, ఇల్లు విడిచి దూరదేశములకు పోవును, అచ్చటి వేషము ధరించి అచ్చటి వారితో కలిసిపోవును. ఎన్నో యేండ్లకు తిరిగి యింటికి వచ్చినపుడు ఇంటివారే వానిని ఆనవాలు పట్టలేక "నీవెవరు?" అని యడుగుటయు కలదు. అట్లు తిరిగివచ్చిన యొక మాటను మేము ఆనవాలు పట్టలేకపోతిమి. పట్టిన బాలుని కూర్చుండుమంటిమి. ఆ తప్పును ఒప్పుకొనుటకును, ఆ మాట చరిత్రమును విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుటకును ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

తరగతిలో జరిగిన సంగతి

ఒకనాడు భూగోళపాఠములో ఆస్ట్రేలియా ఖండమందలి జంతువులను గూర్చి చెప్పుచుంటిమి. కంగారును గూర్చి చెప్పిన పిమ్మట "బాండికూట్" అను పేరు వచ్చినది. దానిని నల్లబల్లపై వ్రాసి, "ఇది ఇంగ్లీషు మాట, ఆ జంతువు మన దేశమున లేదు గనుక దీనికి తెలుగు పేరు లేదు" అని చెప్పితిమి. అప్పుడు వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "అయ్యవారూ, అది మా చేలలోని పందికొక్కే గదా!" అనెను. తరగతి యంతయు గొల్లుమనెను. నీ కెట్లు తెలిసినదని యడిగితిమి. "కోతలైన పిదప మా అవ్వ కొక్కుబొరియలు త్రవ్వి గింజలు తెచ్చెడిది. ఆ పేరును ఈ పేరును ఒకటిగానే వినబడుచున్నవి" అని వాడు చెప్పెను. నవ్వు ఇనుమడించెను. "చెవికి ఒకటిగా వినబడినంతమాత్రమున రెండు మాటలు ఒకటి కావు, కూర్చుండుము" అంటిమి. వాడు తల వంచుకొని కూర్చుండెను. ఆ గంట ముగియువఱకు మరల తల యెత్తలేదు.

సాయంకాలము మనసు ఊరకుండక పెద్ద ఇంగ్లీషు నిఘంటువును తెఱచి చూచితిమి. బాండికూట్ అను మాటకు ఎదుట దాని పుట్టుక స్పష్టముగా ఉండెను: తెలుగు భాషలోని "పందికొక్కు" నుండి వచ్చినది. బాలుడు చెప్పినదే సత్యము. మేము చెప్పినది అసత్యము.

మేము చెప్పిన సూత్రములో తప్పు లేదు. ధ్వని పోలిక యొక్కటియే సాక్ష్యము కాదని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నేర్చితిమి. అది నేటికిని సత్యమే. కాని ఆ సూత్రము మమ్ము నిఘంటువు వద్దకు పంపవలసినది. బాలుని బల్లమీద కూర్చుండబెట్టుటకు దానిని వాడితిమి. అదియే మా దోషము.

జంతువును దాని పేరును

పందికొక్కును మన కర్నూలు కడప మండలములలో ఎఱుగని సేద్యగాడు లేడు. మెట్టచేలలో వేరుసెనగ ఊడలు దిగి కాయ కట్టిన నాటినుండి దానికి పండుగ. కర్నూలు–కడప కాలువ క్రింది వరిమళ్లలో గట్లకు బొక్కలు చేసి, కట్టిన నీటిని తెల్లవారులోగా జారవిడుచును. నేలలో ధాన్యపు పాతర యున్నచో ప్రక్కనుండి సొరంగము త్రవ్వుకొని వచ్చును. కడప బండలు పఱచిన యింటిలోనైనను బండ క్రింది మన్ను త్రోడి, నడిచినపుడు బండ కదలునట్లు చేయును.

ఈ పేరు రెండు మాటల కూడిక. "పంది" యనగా ఎల్లరకు తెలిసినదే. "కొక్కు" అనగా పూర్వపు తెలుగున ఎలుక. కాబట్టి పందికొక్కు అనగా పందివంటి ఎలుక. కోపము వచ్చినపుడు ఇది పందివలె గుఱ్ఱుమనును. పందివలెనే మన్ను పెల్లగించును. పేరు పెట్టిన మన పూర్వులు దాని ఆకారమును, కూతను, పనిని మూడింటిని ఒక్క మాటలో ఇమిడ్చిరి.

జంతుశాస్త్రజ్ఞులు మన దేశమున ముఖ్యముగా రెండు విధముల పందికొక్కులను చెప్పుదురు. పెద్దదాని పేరు బాండికోటా ఇండికా. చిన్నదాని పేరు బాండికోటా బెంగాలెన్సిస్. వెన్నులను కొఱికి, బొరియలోని కొట్లలో రాశులుగా నిలువచేయుటలో చిన్నది మిక్కిలి నేర్పరి. కఱవు కాలములలో పేదలు ఆ కొట్లను త్రవ్వి గింజలను తెచ్చుకొని, కడిగి, యెండబెట్టి, దంచుకొని బ్రతికిరి. మన బాలుని అవ్వ చేసిన పని యదియే. నవ్విన పిల్లలలో ఎందఱి ముత్తవ్వలు ఆ పని చేసియుందురో!

ఈ జాతికి "బాండికోటా" యను శాస్త్రీయనామమును పెట్టినవాడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు చెందిన జాన్ ఎడ్వర్డ్ గ్రే అను పండితుడు. పెట్టిన సంవత్సరము 1873. శాస్త్రీయనామములను లాటిను వేషముతో వ్రాయుట నియమము. అందుచేత నేడు ఏ దేశపు జంతుశాస్త్రజ్ఞుడైనను, ఏ భాష మాటలాడువాడైనను, ఈ జంతువును గూర్చి వ్రాయవలసినచో లాటిను అంగీ తొడిగిన తెలుగు మాటనే వ్రాయవలెను.

మాట ఇల్లు విడిచిన విధము

ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్టణమున కోఠీ పెట్టిరి. 1639లో చెన్నపట్టణమున స్థలము సంపాదించిరి. ఈ రెండు రేవులలోను వారి చుట్టు తెలుగు మాటలాడు కూలీలు, బోయీలు, దుబాసీలు, వంటవారు ఉండిరి. ధాన్యపు కొట్టు ఉన్నచోట పందికొక్కు ఉండక తప్పదు. తమ దేశపు ఎలుకకంటె ఎన్నో రెట్లు పెద్దదియగు ఈ జంతువును చూచి, "ఇది యేమి?" అని వారు అడిగియుందురు, దగ్గఱనున్నవాడు జవాబు చెప్పియుండును. పదునెనిమిదవ శతాబ్దము ముగియునప్పటికి ఆ జవాబు ఇంగ్లీషు గ్రంథములలో అచ్చుపడినది.

ఈ పెద్ద యెలుకలు అంతకు మునుపే యాత్రికులకు అచ్చెరువు గొల్పినవి. పదునాలుగవ శతాబ్దమున హిందూదేశమునకు వచ్చిన ఇబ్ను బతూతా, దౌలతాబాదు కోట చెఱసాలలో పిల్లులకంటె పెద్దవైన ఎలుకలు కలవనియు, పిల్లులే వానిని చూచి పాఱిపోవుననియు వ్రాసెను. హిందూదేశమునుండి ఇంగ్లీషులో ప్రవేశించిన మాటలను గూర్చి హెన్రీ యూల్, ఏ. సి. బర్నెల్ అను పండితులు కూర్చి 1886లో వెలువరించిన హాబ్సన్ జాబ్సన్ అను నిఘంటువున, బాండికూట్ అను మాట క్రింద ఈ వృత్తాంతము కూడ ఎత్తి వ్రాయబడినది. బర్నెల్ చెన్నపురి రాజధానిలో ఉద్యోగము చేసినవాడు. దక్షిణదేశపు భాషల నెఱిగినవాడు. ఈ మాటకు తెలుగే పుట్టినిల్లని ఆ నిఘంటువు నిస్సందేహముగా చెప్పినది.

"పంది" అనునది "బాండి" యెట్లాయెనని విద్యార్థులు అడుగవచ్చును. దీనికి ఒక చిన్న పరీక్ష కలదు. ఇంగ్లీషువారు "పెన్" అనునపుడు మొదటి హల్లుతోడ ఊపిరి బలముగా వెలువడును. పెదవుల యెదుట సన్నని కాగితపు ముక్క పట్టినచో అది కదలును. మనము "పంది" యనునపుడు అట్లు కదలదు. ఊపిరి లేని మన "ప" వారి చెవికి "బ" వలె వినబడును. కడపటి "కొక్కు" పరాయి నోట "కూట్" ఆయెను. ఇంగ్లీషులో కూట్ అను నీటిపక్షి పేరు మునుపే యుండుటచేత, తెలియని మాటను తెలిసిన మాట అచ్చులో పోసిరేమో కూడ. ఇది వారి దోషము కాదు. పరాయి మాటను తన నోటికి అనువుగా మలచుకొనుట మానవ స్వభావము. మనమును హాస్పిటల్ అను మాటను ఆసుపత్రి చేసికొంటిమి. మన ఊళ్ల పేర్లనే చూడుడు. కందనవోలు కర్నూలు ఆయెను. కడపను ఇంగ్లీషువారు "కడ్డపా" యని వ్రాసిరి. 2005లో గాని ప్రభుత్వము వారి ఇంగ్లీషు వ్రాతలో ఆ పేరు మరల కడప కాలేదు.

సముద్రము దాటిన పిదప

1788లో ఇంగ్లీషువారు ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరమున్నచోట వలస పెట్టిరి. అచ్చట కొత్త జంతువొకటి వారి కంటబడెను. పొడవైన మూతి, నేల త్రవ్వి పురుగులను దుంపలను తినుట, చూపునకు పెద్ద యెలుక. హిందూదేశమునుండి వచ్చిన మాట వారి నాలుకపై సిద్ధముగా ఉండెను. జార్జి బాస్ అను నావికుని 1799 నాటి వ్రాతలోనే ఆస్ట్రేలియా జంతువునకు బాండికూట్ అను పేరు కనబడుచున్నది.

కాని అది ఎలుక కాదు. కంగారువలె పిల్లను కడుపు సంచిలో పెంచుకొను జాతికి చెందినది. ఆ సంచి నోరు వెనుకకు తిరిగియుండును. తల్లి మన్ను త్రవ్వునపుడు సంచిలోని పిల్లమీద దుమ్ము పడకుండుటకు ఇది యెంతయు అనుకూలము. ఫ్రెంచి పండితుడు జియోఫ్రాయ్ సెయింట్ హిలేర్ దీనికి పెరామెలెస్ అను లాటిను పేరు పెట్టెను. ఆ పేరునకు సంచిగల బ్యాజరు అని యర్థము. బ్యాజరు అనునది ఐరోపాలోని యొక త్రవ్వుడు జంతువు. పండితులు పేరు దిద్దిరి, జనులు దిద్దుకొనలేదు. వారికి అది బాండికూటే.

ఇందులో ఒక వినోదము కలదు. ఈ జంతువులలో ఒకదాని ముందు పాదములు చిన్న డెక్కలవలె ఉండుటచేత, దానికి ఇంగ్లీషున "పందికాళ్ల బాండికూట్" అని పేరు పెట్టిరి. అనగా "పందికాళ్ల పందికొక్కు"! పేరు పెట్టినవారికి తెలుగు రాదు గనుక, పంది అదివఱకే ఆ పేరులో ఉన్నదని తెలియక రెండవమాఱు తెచ్చి చేర్చిరి. పాపము, ఆ జంతువు 20వ శతాబ్దమున పూర్తిగా అంతరించినది. పొడవైన చెవులుగల బిల్బీ అను మఱియొక జంతువునకు "కుందేటిచెవుల బాండికూట్" అని కూడ పేరు కలదు.

ఇంగ్లీషునుండి ఈ మాట తక్కిన ఐరోపా భాషలలోనికి పోయినది. ఫ్రెంచివారు బాండికూట్ అందురు. జర్మనులు బాండికుట్, స్పానిషువారు బాండికుట్, పోర్చుగీసువారు బాండికుతె, రష్యనులు బాండికూత్ అని తమ తమ లిపులలో వ్రాయుదురు. 1996లో వెలువడిన యొక వీడియో ఆటకు కూడ నాయకుడు ఒక బాండికూటే. ఆ ఆట నాడిన పిల్లలు లోకమంతట కలరు. మన మండలపు పిల్లలలోను ఆడినవారు ఉందురు; తమ అవ్వ మాటను తామే ఆడుచున్నట్లు వారికి తెలియదు.

మాట జంతువును విడిచి మనుష్యుల మీదికి కూడ ప్రాకినది. పదిమంది సొమ్మును చాటుమాటుగా తినువానిని మన పల్లెలలో "పందికొక్కువలె మేయుచున్నాడు" అందురు. ఆస్ట్రేలియాలో బాండికూట్ అను నామవాచకమును క్రియగా మార్చిరి. పైనున్న ఆకును కదల్పకుండ, క్రిందనుండి మన్ను త్రవ్వి పరుల ఉర్లగడ్డలను దొంగిలించుట అని ఆ క్రియ కర్థము. తోట యజమాని చూచునపుడు మొక్క పచ్చగనే యుండును. దుంప మాత్రము ఉండదు. ఒకరి నొకరు ఎఱుగని రెండు దేశముల సేద్యగాండ్రు ఒకే పేరునుండి ఒకే తీరు భావమును పిండుకొనిరి.

పోలికలు మూడు విధములు

ఇది చదివిన విద్యార్థి ఉత్సాహముతో, ఐరోపా మాటలన్నియు తెలుగునుండియే పుట్టినవని పలుకరాదు. భాషల మధ్య మాటల పోలికకు ముఖ్యముగా మూడు కారణములు కలవు.

మొదటిది చుట్టరికము. సంస్కృతమున మాతృ, లాటినున మాతెర్, ఇంగ్లీషున మదర్, జర్మనున ముట్టెర్. ఇవి ఒకే ఇంటి బిడ్డలు. సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలు ఒక్క మూలమునుండి పుట్టియుండవలెనని సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో ప్రకటించెను. తెలుగు ఈ కుటుంబములోనిది కాదు. తమిళ కన్నడాది భాషలతో కూడిన వేఱు కుటుంబము దానిది. ఈ సంగతిని ఎఫ్. డబ్ల్యు. ఎల్లిసు 1816లో చెన్నపురిలో నిరూపించెను.

రెండవది యెరవు. ఒకరి మాటను మఱియొకరు పుచ్చుకొనుట. పందికొక్కు దీనికి ఉదాహరణము.

మూడవది కాకతాళీయము. తెలుగున నీరు, నేటి గ్రీకు భాషలో నీటిని "నెరో" అందురు. అర్థమొకటే, ధ్వనియు ఇంచుమించు ఒకటే. అయినను చుట్టరికము లేదు, ఎరవును లేదు. గ్రీకు మాట "క్రొత్త నీరు" అను రెండు పదముల పలుకుబడిలో "క్రొత్త" అను విశేషణము మిగిలి మాఱిన రూపము. మన మాట తమిళమున నీర్ గను కన్నడమున నీరు గను ఉన్న ద్రావిడపదము. రెండు దారులు వేఱువేఱు దిక్కులనుండి వచ్చి ఒక్కచోట తాకినవి.

ఇట్లయిన మన బాలుని మాట ఎరవని యెట్లు నిశ్చయింతుము? మూడు ప్రశ్నలు వేయవలెను. ఆ మాటను విడదీసినచో ఏ భాషలో అర్థము దొరకును? పంది, కొక్కు అని తెలుగున దొరకును. బాండి, కూట్ అని ఇంగ్లీషున విడదీసినచో అర్థము కుదురదు. ఆ వస్తువు మొదట ఏ దేశమున నున్నది? పందికొక్కు మన దేశపుది, ఇంగ్లండులో లేదు. రెండు జాతులవారు కలిసికొన్న చోటును కాలమును చరిత్రలో కనబడుచున్నవా? మచిలీపట్టణము, చెన్నపట్టణము కనబడుచున్నవి. మూడు జవాబులును ఒకే దిక్కు చూపినపుడు ధ్వని పోలికకు బలము వచ్చును. బాలుడు చెవితో మొదలుపెట్టెను. అది సరియైన మొదలే. తక్కిన మూడు మెట్లు ఎక్కించుట ఉపాధ్యాయుని పని.

బ్రౌను దొర పాఠము

ఈ సందర్భమున కడపకు సంబంధించిన యొక మహాశయుని తలపవలెను. 1820లో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను ఉద్యోగరీత్యా కడపకు వచ్చెను. అచ్చట తెలుగు నేర్చి, బంగళా సంపాదించి, పండితులకు జీతములిచ్చి తాళపత్ర గ్రంథములను పరిష్కరింపజేసెను. ఆయన నిఘంటువు 1852లో అచ్చుపడినది. పండితుల కావ్యములలోని మాటలే గాక జనులు నోట వాడు మాటలకు కూడ దానిలో చోటిచ్చుట ఆ గ్రంథమునకు గొప్ప గుణము. కచ్చేరీలలో వాడు మిశ్రమపదములకు వేఱొక నిఘంటువునే కూర్చెను. కడపలో ఆయన బంగళా యుండినచోట నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రమును గ్రంథాలయమును కలవు. పరదేశీయుడు మన సేద్యగాని మాటను చెవియొగ్గి విని వ్రాసికొనెను. మేము ఈ నేలపై పుట్టి, ఈ నీరు త్రాగి, మా యెదుట నిలిచి చెప్పిన సేద్యగాని మనుమని మాటను వినమైతిమి.

మఱునాడు

మఱునాడు హాజరు పిలిచిన వెంటనే తరగతికి జరిగినదంతయు చెప్పితిమి. "నిన్న ఇతడు చెప్పినది సత్యము, మేము చెప్పినది తప్పు" అని నిఘంటువును తెఱచి చూపితిమి. బాలుని పిలిచి, నల్లబల్లపై బాండికూట్ అను మాట ప్రక్కన తెలుగు మాటను వ్రాయుమంటిమి. వాడు ముత్యములవంటి అక్షరములతో పందికొక్కు అని వ్రాసెను. ఈసారి ఎవరును నవ్వలేదు.

వాడు సుద్దముక్కను క్రిందపెట్టి, "అయ్యవారూ, ఆ దొరలకు ఈ మాట ఎవరు చెప్పినారు?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు ఏ నిఘంటువున జవాబు లేదు. ధాన్యపు మూటలు మోయు కూలియో, వంటయింటి పనివాడో, కోఠీ కావలివాడో అయియుండును. ఆతని పేరును ఎవరును వ్రాసికొనలేదు. ఆతడు చెప్పిన మాట మాత్రము సముద్రములు దాటి, లాటినులో నిలిచి, ఖండాంతరమున వేఱొక జంతువునకు పేరై, తిరిగి మా నల్లబల్లకు వచ్చినది. "నీవంటివాడే యెవడో చెప్పియుండును" అంటిమి. వాడు నవ్వి తన చోటికి పోయి కూర్చుండెను. తల యెత్తియే కూర్చుండెను.

తలిదండ్రులకు ఒక మనవి. బడికి వచ్చు పిల్లలు ఇంటి మాటను మోటు మాటయని విడువవలెనని భావింతురు. మీలో కొందఱు అట్లే నేర్పుదురు కూడ. చేని మాట, కళ్లపు మాట, మగ్గపు మాట, గని మాట విడువదగినవి కావు. వానిని పిల్లలచే వ్రాయించి బడికి పంపుడు.

విద్యార్థులకు అభ్యాసము

1. కురువిందము అను రాతి పేరును, ఐరోపా భాషలలోని కోరండమ్ అను మాటను నిఘంటువులలో వెదకి, పై మూడు ప్రశ్నలు వేయుడు.

2. అలమార, మేస్త్రి అను మాటలు పోర్చుగీసు భాషనుండి మనకు వచ్చినవి. అవి వచ్చిన దారిని విచారింపుడు.

3. మీ యింటి పెద్దలు వాడు మాటలలో మీ పాఠ్యపుస్తకములందు కానరానివి పది వ్రాసి, వాని యర్థములను వారినే యడిగి తెలిసికొని, తరగతికి తెండు. ఎవరును నవ్వరు.